మిషను మోగుతుంటే మనిషి ఉన్నట్టే

డిటెక్టివంటే కోటూ టోపీ అనుకుని వచ్చేవాళ్ళు నిదానాన్ని చూడగానే తప్పు గుమ్మం తొక్కామా అని వెనక్కి చూస్తారు. ఆ రోజు పొద్దున వచ్చిన ఆవిడ మాత్రం అటూ ఇటూ చూడలేదు. బస్సు కండక్టరు యూనిఫారంలో ఉంది, భుజాన తోలుసంచి కూడా అలాగే ఉంది. నేరుగా కుర్చీలో కూలబడి, "మా తమ్ముడు కనపడడం లేదండీ. కాలేజీవాళ్ళేమో ఉన్నాడంటున్నారు" అంది.

నిదానం అతని అసలు పేరు కాదు. పనితీరు చూసి ఎవరో అన్నారు, చివరికి బోర్డు మీదికీ అదే ఎక్కింది. ఆఫీసులో అతను కాక ఉండేది బావమరిది ఒక్కడే. అక్క పోయినప్పుడు, బావకి తోడుగా నాలుగు రోజులుందామని వచ్చి, తిరిగి వెళ్ళడం మర్చిపోయాడు. ఎలాంటి కేసైనా బావ తేల్చేస్తాడని అతనికి గట్టి నమ్మకం. ఆ మాట బావ ముఖాన మాత్రం చచ్చినా అనడు. ఆవిడ వచ్చేసరికి ఇద్దరూ టీ ఎవరు పెట్టాలన్న దానిమీద కీచులాడుకుంటున్నారు.

"ఉన్నాడన్నవాళ్ళు చూశారా?" అడిగాడు నిదానం.

"చూడలేదట. వాడి గదిలో మిషను మోగుతోందట. అక్కడ మిషను మోగుతుంటే మనిషి ఉన్నట్టేనట."

తమ్ముడు యూనివర్సిటీలో ఎం.టెక్. రెండో ఏడు చదువుతున్నాడు. అమ్మా నాన్నా లేరు; పెంచింది ఈ అక్కే. ఒకరోజు డ్యూటీలో ఉండగా ఫోను చేశాడు. బస్సు కిక్కిరిసి ఉంది. "మళ్ళీ చేస్తాలేరా" అని పెట్టేసింది. దిగేసరికి ఒళ్ళు హూనమై ఆ సంగతే మర్చిపోయింది. మర్నాటినుంచి వాడి ఫోను పనిచేయడం లేదు.

"అలిగాడనుకున్నానండీ. చిన్నప్పటినుంచీ వాడి అలకలు నాకు తెలుసు, రెండు రోజులకి వాడే దిగొస్తాడు. వారాలైంది. నిన్న హాస్టలుకెళ్తే మంచం నిండా దుమ్ము. పోలీసుల దగ్గరికి పోతానంటే హెడ్డుగారు, ఎల్లుండి కమిటీ వచ్చి వెళ్ళేదాకా ఆగమని బతిమాలారు." బస్సు ఈ కొసనుంచి ఆ కొసకి వినపడే గొంతు అక్కడ ఆగిపోయింది. "వాడు ఏమన్నా చేసుకున్నాడేమోనండీ. అది తలుచుకుంటే నాకు ఊపిరాడడం లేదు."

బావమరిది ఇంక వాదన పెట్టుకోకుండా లేచి టీ పెట్టి తెచ్చాడు.

* * *

ఇంజనీరింగు విభాగంలో ఎక్కడ చూసినా కొత్త రంగు వాసన. కోర్సు ఎలా నడుస్తోందో తూకం వేయడానికి బయటినుంచి కమిటీ వస్తోంది. వాళ్ళు బాగుందంటే ఎం.టెక్. ఉంటుంది, లేదంటే మూతపడుతుంది. హెడ్డుగారు నిచ్చెన పక్కన నిలబడి గోడకి చార్టులు కట్టిస్తున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, వీళ్ళు నోరు తెరవకముందే మొదలెట్టాడు.

"మా దగ్గర ఏ లోపమూ లేదండీ. పోయినసారి కమిటీ ఏమందో తెలుసా? విద్యార్థులకి చోటు చాలడం లేదు, ఒకే మిషను కోసం కొట్టుకుంటున్నారు అంది. నిజమే, అప్పట్లో పెద్ద హాలు చేపల బజారులా ఉండేది. దాన్ని గదులుగా కట్టించాను. ఒక్కొక్కరికి ఒక గది, ఒక మిషను, ఒక గైడు. ఎవరి పని వాళ్ళది. ఇప్పుడు ఒక్క గొడవ లేదు."

"మాటలో?" అన్నాడు నిదానం.

"అంటే?"

"గొడవలు పోయాయన్నారుగా. మాటలున్నాయా అని."

హెడ్డుకి ప్రశ్న అర్థం కాలేదు. కాకపోవడం నటన కాదని బావమరిదికి కూడా తెలిసిపోయింది.

"ఆ అబ్బాయిని ఆఖరున చూసిందెప్పుడు?"

"రిహార్సలు నాడు. కమిటీ ముందు తడబడకుండా ఉండాలని అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, ప్రతి గైడు చేతా తన విద్యార్థిని పరిచయం చేయించాను. బ్రహ్మాండంగా జరిగింది. ఆ తర్వాత పిలవాల్సిన అవసరం రాలేదు. నేనా వైపు పోతున్నప్పుడల్లా వాడి మిషను మోగుతూనే ఉంది."

గైడు తన గదిలో కాగితాల గుట్టల మధ్య దొరికాడు. మర్యాదస్థుడే. కాకపోతే మాట్లాడుతున్నంతసేపూ ఒక కన్ను గడియారం మీద ఉంచాడు.

"తెలివైన కుర్రాడు. నన్ను విసిగించడు. అడగడం లేదంటే పని సాగుతున్నట్టే కదా?"

"సాగుతోందా?"

"సాగాలి మరి. వాడి ఫలితాల కోసమే నా పేపరు ఆగి ఉంది. ఈమధ్య కొత్తవేమీ పంపలేదు. మిషను నడుస్తోందిగా, అవే వస్తాయిలే అనుకున్నా."

బావమరిది పళ్ళు కొరికాడు. ఇలాంటివాళ్ళతో నిదానం ఎలా ఓపిక పడతాడో అతనికి ఈ జన్మకి అర్థం కాదు.

* * *

వరండా పొడుగునా మూసి ఉన్న తలుపులే. ఒక తలుపు వెనక గురగుర, ఇంకో తలుపు వెనక టకటక. మనిషి గొంతు ఎక్కడా లేదు. మొదట్లోనే ఒక చెక్కకి గదుల తాళంచెవులన్నీ తగిలించి ఉన్నాయి, ఎవరైనా తీసుకోవచ్చు. హెడ్డు ఒకటి అందుకుని తమ్ముడి గది తెరిచాడు.

మిషను నడుస్తోంది. మనిషి లేడు.

"ఇప్పుడే బయటికెళ్ళి ఉంటాడు," అన్నాడు హెడ్డు. అన్నాక తనకే బాగోలేక దగ్గాడు.

ఆ గది పని చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. ఉక్కు ముక్కని రెండు కొసలా బిగించి, మిషను దాన్ని పైకీ కిందికీ వంచుతూనే ఉంటుంది, అది అలసి విరిగేదాకా. విరిగిన ముక్కలు ట్రేలో వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్క దానిమీద ఎర్ర రంగుతో చిన్న గుర్తు. వాటిమీద సన్నగా దుమ్ము పేరుకుంది. మిషనుకి మాత్రం దుమ్ము లేదు, ఎవరో గుడ్డతో తుడిచారు. నిదానం పక్కనున్న గుండ్రటి మీటరు ముందు చాలాసేపు వంగి నిలబడ్డాడు.

"ఇదేం చూపిస్తుంది?"

"ముక్క మీద ఎంత బలం పడుతోందో," అన్నాడు హెడ్డు చార్టుల ధ్యాసలో.

ముల్లు సున్నా దగ్గర హాయిగా పడుకుని ఉంది. నిదానం కిటికీ దగ్గరికెళ్ళాడు. సన్నటి సందు అవతల ఇస్త్రీ కొట్టు, దానిమీద ఒక గది.

పక్క గదిలో ఒక అమ్మాయి కంప్యూటరు ముందు ఉంది. ఆ గదిలో చప్పుడు చేసేది ఏదీ లేదు. గాలీ వెలుతురూ వచ్చే కిటికీ దగ్గరంతా ఖాళీగా వదిలేసి, బల్లని తమ్ముడి గది గోడకి ఆనించి వేసుకుంది. కిటికీకి వీపు పెట్టి కూర్చోవడంతో ఆమె నీడ ఆమె కాగితాల మీదే పడుతోంది. ఇదెక్కడి వాస్తురా బాబూ అనుకున్నాడు బావమరిది.

"పక్కగది అబ్బాయి తెలుసా అమ్మా?" అడిగాడు నిదానం.

"తెలుసండీ. పొద్దున రాగానే మిషను వేస్తాడు. ముక్క విరిగితే 'హమ్మయ్య' అంటాడు. వెళ్ళేటప్పుడు ఈల వేస్తూ తాళం వేస్తాడు."

"ఎప్పుడైనా మాట్లాడావా?"

"ఆయన పనిలో ఉంటాడు కదండీ."

"మనిషిని చూశావా అసలు?"

"రిహార్సలు నాడు, వెనకనుంచి. ఈలని బట్టి ఇంకా లావుగా ఉంటాడనుకున్నా." నవ్వబోయి మానేసింది. "ఆ రోజు గైడు సారు ఆయన్ని నిలబెట్టి, ఎప్పుడో పాసై వెళ్ళిపోయిన ఇంకొకతని పేరు చెప్పారు. అతను చేసిన పనే ఈయన చేస్తున్నాడని చెప్పారు. ఎవరికీ పట్టలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కూడా కొట్టాడండీ."

హెడ్డు గొంతు సవరించుకున్నాడు. బ్రహ్మాండంగా జరిగిందన్న ముక్క ఈసారి బయటికి రాలేదు.

"ఈమధ్య ఆ ఈల విన్నావా?"

ఆ అమ్మాయి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "మిషను మోగుతూనే ఉంది కదండీ."

నిదానం థాంక్సు చెప్పి బయటికొచ్చాడు.

* * *

ఇస్త్రీ కొట్టు ఆవిడ పెట్టెలో నిప్పులు ఊదుతూ మాట్లాడింది. సందులోకి మిషను రొద ధారాళంగా వస్తోంది.

"మాకిది అలవాటే బాబూ. కాకపోతే ఇదివరకు ఆదివారమన్నా చెవులకి కాస్త సుఖం ఉండేది. ఈమధ్య అదీ పోయింది. పైగది అద్దెకిస్తే ఒక్కడూ నిలవడు, ఈ గోలకి దణ్ణం పెట్టి పోతారు. ఇప్పుడొచ్చినతను వింతమనిషి, ఇటు కిటికీ తెరిచే పడుకుంటాడు."

"ఇంట్లో ఉన్నాడా?"

"పగలు ఎటో పోతాడు. దీపాలు పెట్టే వేళకి వస్తాడు. అడిగితే తప్ప పలకడు."

రోడ్డెక్కాక బావమరిది ఆగలేకపోయాడు. "హెడ్డే, బావా. సందేహం లేదు. విద్యార్థి పారిపోయాడంటే కమిటీ ముందు పరువు పోతుంది. అందుకని మిషను నడిపిస్తున్నాడు. లేదా ఆ గైడు. వాళ్ళిద్దరిలో ఒకడి మెడకి చుట్టుకోకపోతే నా పేరు మార్చుకుంటా."

"ఏం పేరు పెట్టుకుంటావో ఆలోచించుకో. సాయంత్రం అందర్నీ ఆ గదిలోకి రమ్మను. వాళ్ళ అక్కని కూడా."

"దొరికారా?"

"ఇద్దరు దొరికారు. ఒకరిని నేను పట్టుకోగలను. రెండోవాళ్ళు తమంతట తాము రావాలి."

* * *

పొద్దు వాలేసరికి ఇరుకు గదిలో అందరూ చేరారు. హెడ్డు తలుపు దగ్గర, గైడు గోడకి ఆనుకుని, పక్కగది అమ్మాయి ట్రే పక్కన. కండక్టరమ్మ తమ్ముడి కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. మిషను నడుస్తూనే ఉంది. నిదానం దాని రొద మీదుగా కాస్త గొంతు పెంచాడు.

"ఈ గదిలో మనిషి లేక వారాలైంది. కానీ మిషను నడుస్తోంది. మీరంతా మిషనుని చూసి మనిషిని లెక్కేసుకున్నారు. నేను మాత్రం మిషనుని ఎవరు నడుపుతున్నారో, ఎందుకో చూడాలనుకున్నా. మొదటి అనుమానం గైడుగారి మీద. ఫలితాలు కావాలి కనక విద్యార్థి లేకపోయినా పరీక్ష నడిపించి ఉండొచ్చు."

"ఏంటండీ ఆ మాటలు!" అన్నాడు గైడు.

"కంగారు పడకండి. ఆ ముల్లు చూడండి, సున్నా మీద ఉంది. లోపల ముక్కే బిగించలేదు, ఇక బలమెక్కడిది. మిషను ఊరికే తిరుగుతోంది. ఇలా ఏడాది తిప్పినా మీ పేపరుకి పనికొచ్చే ఫలితం రాదు. కాబట్టి మీరు కాదు."

గైడు మొదటిసారి ఆ మీటరు వైపు చూశాడు. తన విద్యార్థి గదిలోకి అతను అడుగుపెట్టడం కూడా అదే మొదటిసారిలా ఉంది.

"ఇక హెడ్డుగారు. ఆయనకి కావలసింది ఫలితం కాదు, పైకి బాగా కనపడటం. అది నిజమే. అయితే ఈ మిషను ఆదివారాలు కూడా నడుస్తోంది. ఆదివారం ఈ భవనంలో చూసేవాడెవడు? చూసేవాడు లేనప్పుడు ఎవరూ ముస్తాబు చేసుకోరు. కాబట్టి ఆయన కూడా కాదు."

బావమరిది కొత్త పేరు సంగతి తలుచుకుని నేలచూపులు చూశాడు.

"అంటే నడిపేవాళ్ళకి ఫలితమూ అక్కర్లేదు, చూసేవాళ్ళూ అక్కర్లేదు. మిగిలింది ఒక్కటే. చప్పుడు. ఈ చప్పుడు కోసమే మిషను వేస్తున్నారు. ఈ చప్పుడు ఎవరికి కావాలి? ఆదివారం కూడా ఇక్కడే ఉండేవాళ్ళకి, తమ గదిలో ఏ చప్పుడూ లేనివాళ్ళకి. మంచి కిటికీ వదిలేసి బల్లని ఈ గోడకి ఆనించుకున్నవాళ్ళకి."

ఎవరూ అటు తిరగక్కర్లేకపోయింది. ఆ అమ్మాయి అప్పటికే ఏడుస్తోంది.

"నేనేం దొంగిలించలేదండీ," అంది. "రెండేళ్ళుగా నేను వినే మనిషి చప్పుడు అదొక్కటే. నాకు క్లాసులు అయిపోయాయి. గైడుగారు వేరే దేశంలో ఉన్నారు, రాస్తే పదిరోజులకి జవాబు వస్తుంది. హాస్టల్లో ఎవరి తలుపులు వాళ్ళవి. పొద్దున పక్కన మిషను మోగితే, సరే ఒకరున్నారు అనిపించేది. ఒకరోజు మోగలేదు. మర్నాడూ లేదు. నాకు పిచ్చెక్కినట్టయింది. తాళంచెవి తీసుకొచ్చి నేనే వేశాను. ఆయన వచ్చేదాకానే అనుకున్నా. రోజూ తుడిచాను కూడా."

కండక్టరమ్మ మొహం ఎర్రబడింది. "నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే! ఈ మిషను ఆగిపోయి ఉంటే వీళ్ళు ఆ వారమే వెతికేవాళ్ళు. వాడు లేడని నాకప్పుడే తెలిసేది. నా తమ్ముడు బతికున్నాడో లేదో తెలియక చస్తున్నాను, నీకు చప్పుడు కావలసొచ్చిందా?"

ఆ అమ్మాయి ట్రే అంచు పట్టుకుని తల దించుకుంది.

"బతికే ఉన్నాడమ్మా," అన్నాడు నిదానం. "ఎక్కడున్నాడో కూడా తెలుసు అనుకుంటున్నా. పొద్దున నాకు సగమే తెలుసు. సగం చెప్పి, అది తప్పయితే, మిమ్మల్ని రెండుసార్లు చంపినవాణ్ణవుతాను. అందుకే నోరు మూసుకున్నా."

ఆవిడ కుర్చీని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నలుగురిలో తన పేరు తప్పు చెప్తే ఒక్కరికీ పట్టలేదు. అక్కకి ఫోను చేస్తే బస్సులో రద్దీ. నేను లేకపోతే ఎవరికైనా తెలుస్తుందా అని చూడాలనిపించింది అతనికి. అలా చూడాలనుకున్నవాడు దూరం పోడు, వినపడేంత దూరంలోనే ఉంటాడు. ఎదురుగా ఆ ఇస్త్రీ కొట్టు మీద గదిలో, ఈ రొదకి అందరూ పారిపోయేచోట, ఒకతను కిటికీ తెరుచుకుని పడుకుంటున్నాడు. వెళ్ళిన రెండో రోజో మూడో రోజో అతనికి ఏం వినపడి ఉంటుంది? తన మిషను. మళ్ళీ మోగుతోంది. తన కుర్చీలో అప్పుడే ఇంకొకణ్ణి కూర్చోబెట్టేశారనుకున్నాడు. తిరిగి రావడానికి మొహం చెల్లలేదు."

పక్కగది అమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుంది.

"నేను వెళ్ళి తలుపు తడితే దొరికిపోయిన దొంగలా వస్తాడు. అలా వద్దు. మిషను ఆపెయ్యమ్మా."

ఆ అమ్మాయి స్విచ్చు నొక్కింది. రొద తగ్గి, మూలిగి, ఆగింది. చెవుల్లో గింగురుమంది.

"ఇప్పుడు పిలవండి," అన్నాడు నిదానం కండక్టరమ్మతో. "ఇంతసేపూ ఎవరు పిలిచినా వినపడేది కాదు."

ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళింది. గొంతెత్తింది. బస్సులో చివరి సీటు దాకా పోయే గొంతు.

"ఒరేయ్ చిన్నోడా! అక్కనిరా!"

ఎదురు కిటికీలో ఏమీ కదల్లేదు. ఆవిడ మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలుస్తుండగా గొంతు చీరుకుపోయింది. బావమరిది బావ వైపు చూశాడు. ఇన్నేళ్ళలో బావ మొహంలో భయం చూడటం అదే మొదలు.

అప్పుడు ఎదుటి కిటికీలో గెడ్డం పెరిగిన ఒక తల కనపడింది. కాసేపు ఇటే చూసింది. మాయమైంది. మెట్ల మీద ఎవరో పరిగెడుతున్న చప్పుడు వినపడింది.

తమ్ముడు గుమ్మంలోకి వచ్చి ఆగిపోయాడు. రొప్పుతున్నాడు. అక్క వెళ్ళి చెంప మీద ఒకటి వేసి, అదే చేత్తో దగ్గరికి లాక్కుంది.

"డ్యూటీ లేదా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"లేదు. నువ్వే డ్యూటీ."

గైడు ముందుకొచ్చాడు. ఏదో అనబోయి, ముందు ఆ అబ్బాయి పేరు పలికాడు. సరిగ్గానే పలికాడు.

తమ్ముడు మిషను వైపు చూశాడు. "నా చోట ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు," అంది పక్కగది అమ్మాయి. "నేనే వేశాను."

అతను ఆమెని కింద నుంచి పైదాకా చూశాడు. "మీరెవరు?"

రెండేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్యా ఉన్నది ఒక్క గోడ. ఆ అమ్మాయి ఆ గోడ వైపు వేలు చూపించింది, చెప్పడానికి అంతకన్నా ఏమీ లేక.

కండక్టరమ్మ కోపం ఎక్కడిదక్కడ దిగిపోయింది. కళ్ళు తుడుచుకుని ఆ అమ్మాయిని చూసి, "తిన్నావా ఏమైనా?" అంది. అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "వీడూ తినలేదు, మొహం చూస్తే తెలుస్తోంది. పద, ముగ్గురం పోదాం. తిన్నాక తిట్లు పెడతా." ముగ్గురూ వరండాలో నడిచి వెళ్ళిపోయారు.

హెడ్డు మాత్రం కదల్లేదు. "ఎల్లుండి కమిటీకి నేనేం చెప్పనండీ? గొడవలు పోవాలనే కదా గదులు కట్టించాను," అన్నాడు. నిజంగానే అడిగాడు, మనిషి నీరుగారిపోయి ఉన్నాడు.

"ఎల్లుండి సంగతి తర్వాత. ఈ వరండాలో ఇంకా చాలా మిషన్లు మోగుతున్నాయి. ముందు తలుపులు తట్టండి," అన్నాడు నిదానం.

హెడ్డు వెళ్ళి మొదటి తలుపు ముందు నిలబడ్డాడు. చెయ్యెత్తి, కాస్త ఆలోచించి, తట్టాడు. లోపల టకటక ఆగిపోయింది.

"ఎవరూ?"

"నేను. హెడ్డుని. ఏం లేదు, ఊరికే. ఎలా ఉన్నావో కనుక్కుందామని."

లోపల కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత తలుపు జానెడు తెరుచుకుంది. ఒక కుర్రాడి మొహం, బిక్కచచ్చిపోయి.

"నేనేం తప్పు చేశాను సార్?"